గెస్టు బియ్యం

గుంటూరులో మావాళ్ళకు సత్రం లేదు, హాస్టలుండేది. ఆ సంగతి రాయాలి. హాస్టళ్ళ గురించి మనవాళ్ళు చాలా రాశారు. పురుగుల అన్నం గురించి రాశారు, నీళ్ళ సాంబారు గురించి రాశారు, తలుపుల్లేని దొడ్ల గురించి రాశారు. అన్నీ నిజాలే. ఆ అన్నం నేనూ తిన్నాను. కానీ హాస్టల్లో ఉండేది చదువుకునే పిల్లలు మాత్రమే కాదనీ, పొద్దుగూకాక అది ఇంకో ఇల్లయ్యేదనీ ఎవరూ రాసినట్టు నాకు కనపళ్ళేదు.

మాది పర్చూరు దగ్గర మాదిగపల్లె. నల్లరేగడి భూములు. పత్తి, మిరప, పొగాకు. భూమి ఊరోళ్ళది, పని మాది. మా నాయన పాలేరు. మా అమ్మ పత్తి తీతకీ మిరపకోతకీ పొయ్యేది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినప్పుడు నేను పదో తరగతి. కారంచేడు మాకు దూరం కాదు. బతికినోళ్ళు ఊరొదిలి చీరాల్లో తలదాచుకుంటే మా నాయన అరబస్తా జొన్నలు నెత్తిన పెట్టుకుని పోయి ఇచ్చొచ్చాడు. ఆ తర్వాత ఆయనకు ఒకటే పట్టుదల, నేను ఆ ఊళ్ళో ఉండకూడదు. 1988లో ఇంటరు పాసయ్యాను. ట్రంకుపెట్టె, బొంత, ఒక సీసాడు గోంగూర పచ్చడి తీసుకుని గుంటూరు బస్సెక్కాను.

మా వైపు కాగితాల మీద ప్రకాశం జిల్లా. 2022 నుంచి బాపట్ల జిల్లా అంటున్నారు. కాగితాల మాటెట్లా ఉన్నా రోగమొస్తే గుంటూరు పెద్దాసుపత్రి, మిరపకాయలమ్మాలంటే గుంటూరు యార్డు. ఆసామి సరుకెక్కించిన లారీ మీద టిక్కీల పైన కూర్చుని కూలోడూ వచ్చేవాడు. ఆసామి లాడ్జిలోనో, కులపోళ్ళ సత్రంలోనో, బ్రాడీపేటలో బావమరిది ఇంట్లోనో దిగేవాడు. కూలోడు ఎక్కడ దిగాలి? బస్టాండులో పడుకుంటే పోలీసు లాఠీతో పొడిచేవాడు. లాడ్జిలో కులమడిగి గెంటేవాళ్ళని నేననను. అడగాల్సిన పనే లేదు. తలగుడ్డ చూసి, చేతిలో మూట చూసి, కారంతో కందిన వేళ్ళు చూసి 'రూముల్లేవు' అనేవాళ్ళు. గది అద్దెకిచ్చేవాళ్ళయితే ఊరడిగి, పేరడిగి, ఇంటిపేరడిగి, ఇంకా తేలకపోతే 'ఇంతకీ మీరేమిట్లు?' అని అడిగేవాళ్ళు. సత్రాలకు ఆ బాధ కూడా లేదు. కులం బోర్డు మీదే రాసుంటుంది.

మా హాస్టలు పాత గుంటూరు సందుల్లో ఒక పాతింట్లో ఉండేది. ఒక సాయిబుగారిది ఆ ఇల్లు. అక్కడే ఎందుకు దొరికిందో ఇప్పుడాలోచిస్తే తెలుస్తుంది. అరండల్‌పేటలో, బ్రాడీపేటలో అరవై మంది మాల మాదిగ కుర్రాళ్ళకు ఇల్లెవడిస్తాడు? ఆదివారం పెద్దమాంసం వండుకుంటే ఊరుకునేదెవరు? సాయిబుల వీధిలో ఆ గొడవ లేదు. ముందు భాగం మాది, వెనక భాగం వాళ్ళది. మధ్యలో బావి. మేడమీద నాలుగు గదులు, కింద పెద్ద హాలు, వసారా. గోడలు మూరెడు మందం. వాన పడితే మిద్దె కారేది. ఎండాకాలం మాత్రం చల్లగా ఉండేది. గుంటూరు ఎండలెరిగినవాడికి చెప్పక్కర్లేదు. మంచాల్లేవు. ట్రంకుపెట్టె ఎక్కడుంటే అదే ఆ మనిషి అడ్రసు.

పేరుకు గవర్నమెంటు. నడిపేది మేము. 1944లో అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్న రోజుల్లో మొదలైన స్కాలర్షిప్పులే మా మెస్సుకు ఆధారం. అందరి డబ్బూ కలిపి బియ్యం, పప్పు తెచ్చుకునేవాళ్ళం. మెస్ సెక్రటరీని చేతులెత్తి ఎన్నుకునేవాళ్ళం. వంటకు ఒక ముసలాయన, ఆయన భార్య. చదువు చెప్పినవాళ్ళ కంటే ఆ ముసలాయన తిట్లే నాకు ఎక్కువ గుర్తున్నాయి.

రాత్రి తొమ్మిదిన్నర, పది మధ్య తలుపు చప్పుడయ్యేది.

'అబ్బాయ్, మా అక్క కొడుకు ఈడ చదువుకుంటాడంట గదా.'

'లేడు పెద్దాయనా, ఊరెళ్ళాడు.'

'అట్నా...'

'నువ్వు రా లోపలికి. అన్నం తిన్నావా?'

అంతే. అక్క కొడుకు ఉన్నా లేకపోయినా అంతే. ఆ అక్క కొడుకు అసలు మా హాస్టలు కుర్రాడు కాడని మర్నాడు తెలిసినా అంతే. వీళ్ళను మేం గెస్టులనేవాళ్ళం. ఏ పూటా అయిదుగురికి తగ్గేవాళ్ళు కాదు. మిరపకాయల సీజన్లో, జనవరి నుంచి ఏప్రిల్ దాకా, హాల్లో కాలుపెట్టను చోటుండేది కాదు. వాళ్ళొస్తే మిరప ఘాటు కూడా వచ్చేది. ఒకడు తలగుడ్డ విదిలిస్తే అరవై మందిమీ తుమ్మేవాళ్ళం. దగ్గేవాళ్ళు దగ్గుతుండేవాళ్ళు, గుర్రుపెట్టేవాళ్ళు పెడుతుండేవాళ్ళు. మధ్యలో లైటు కింద ఒకడు ఎకనామిక్స్ బట్టీ పడుతుండేవాడు. మేం పరీక్షలు రాసింది ఆ సందట్లోనే.

సందడంటే ఉత్త సందడి కాదు. వినుకొండ వైపు నుంచి ఒక గెస్టు వస్తే ఆ రాత్రి పద్యాలే. జాషువా పుట్టింది వినుకొండలోనే, ఆ వూరి గర్వం ఆయన గొంతులో వినపడేది. హరిశ్చంద్ర నాటకం కాటిసీన్లో పాడే జాషువా పద్యాలు ఆయనెత్తుకుంటే వీధిలో పోయే రిక్షావాళ్ళు ఆగి వినేవాళ్ళు. అక్షరమ్ముక్క రాదాయనకి. తెలుగు ఎమ్మే చదివే మా సీనియరు పుస్తకం తెచ్చి చూసుకుంటే ఒక్కచోట తప్పు పోలేదు. పల్నాడు గెస్టులొస్తే పళ్ళెం మీద డప్పు దరువు. లూథరన్ చర్చి పెద్దొకాయన వస్తే కీర్తనలు. దరువుకీ కీర్తనకీ పోటీ పడ్డ రాత్రులున్నాయి. వెనకింటి బూబమ్మ కిటికీ తీసి 'అరే, పిల్లలు పడుకున్నారు బాబూ' అని అరిచేది. నిజానికి ఆమే కిటికీ దగ్గర కూర్చుని వింటుండేది.

ఒక ముక్క రాయకపోతే ఇది అబద్ధమవుద్ది. బయట ఊరంతా అడిగే ప్రశ్న లోపల లేదని మురిసిపొయ్యేవాళ్ళం. ఉంది. కొంచెం మెత్తగా ఉంది. గెస్టు రాగానే 'ఏ వూరు పెద్దాయనా' అని అడిగి, ఆ వూళ్ళో ఏ పల్లె అని అడిగి, చెప్పినదాన్ని బట్టి చాప ఏ మూల పరవాలో ఎవరో ఒకరు తేల్చేవాళ్ళు. మేడమీద మాలపిల్లలు ఎక్కువ, కింది హాల్లో మేము ఎక్కువ. ఎవరూ గీత గియ్యలేదు, మేడకి మేడే అయింది. అన్నం ఒక్కటే బంతి. పడక దగ్గరకొచ్చేసరికి రెండు. 1994 జులై 7న మా ప్రకాశం జిల్లాలోనే ఈదుమూడిలో దండోరా మోగినప్పుడు కొంతమంది 'ఉన్న ఐక్యత చెడగొడుతున్నారు' అన్నారు. నాకు ఆ మేడమెట్లే గుర్తొచ్చాయి. వర్గీకరణ చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న చెప్పేదాకా ముప్పయ్యేళ్ళు పట్టింది. ఒకే కప్పు కింద పడుకున్నవాళ్ళం కూర్చుని మాట్లాడుకుంటే అంతకాలం పట్టే విషయమా అని నా బాధ.

1989 వానాకాలంలో స్కాలర్షిప్పులు ఆగిపొయినయి. నాలుగు నెలలు రాలేదు. బియ్యం కొట్టాయన అరువు బందు చేశాడు. మెస్ సెక్రటరీ నోటుబుక్కు పట్టుకుని మీటింగు పెట్టాడు. గెస్టుల భోజనాలు లెక్కేస్తే మా అరవై మంది నాలుగు రోజుల తిండి అయింది. మాచర్ల కుర్రాడొకడు లేచాడు. 'మా వూర్నించి ఎవురొచ్చారయ్యా ఈడికి? మా అమ్మానాయనకి బస్సు చార్జీలే లేవు. పర్చూరోళ్ళ చుట్టాలకీ సత్తెనపల్లోళ్ళ చుట్టాలకీ నా స్కాలర్షిప్పు ఎందుకు పెట్టాలి?' అన్నాడు. వాడన్నదాంట్లో తప్పు లేదు. వాడు రాత్రిళ్ళు సగం కడుపుతో పడుకుంటున్నాడని అందరికీ తెలుసు. ఎవరం మాట్లాడలేదు. తెనాలి వైపు లా స్టూడెంటొకాయన ఉండేవాడు, మాలాయన. 'ఒరేయ్ తమ్ముడూ, మీ నాయన రాలేదు, నిజమే. రేపొస్తే యాడ పడుకుంటాడో చెప్పు, గెస్టుల్ని ఆపేద్దాం' అన్నాడు. మాచర్లవాడు చాలాసేపు నేల చూశాడు. తర్వాత వాడే దారి చెప్పాడు. వాళ్ళమ్మ చర్చికి పిడికెడు బియ్యం తీసేదంట. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసి, ఆదివారం తీసుకెళ్ళి ఇచ్చేది. మా అమ్మా అంతే చేసేది. మా పల్లెల్లో చాలామంది అమ్మలు చేసే పనే అది.

ఆ పూట నుంచి వంటాయన బియ్యం కొలిచేటప్పుడు తలకొక పిడికెడు తీసి పాత డాల్డా డబ్బాలో వేసేవాడు. దాని మీద ఎవరో సుద్దతో 'గెస్టు బియ్యం' అని రాశారు. బియ్యం తెచ్చుకోగల గెస్టు తెచ్చుకోవాలి. లేనివాడికి డబ్బా. డబ్బాలో ఉన్నంతవరకే, ఆపైన గంజి. గెస్టులు కూడా ఉత్తచేతుల్తో రావడం మానేశారు. చింతకాయ పచ్చడి, ఎండుచేపలు, ఏరగా మిగిలిన తాలుకాయలు. ఆ తాలుకాయల కారంతోనే ఆ నాలుగు నెలలూ గడిచాయి. రంగుండదు, మంట మాత్రం ఉంటుంది.

ఆ కార్తీకంలోనే ఒకామె నాలుగేళ్ళ పిల్లను చంకనేసుకుని వచ్చింది. భర్త పత్తిచేలో మందు కొడుతూ పడిపొయ్యాడు. మోనోక్రోటోఫాస్. ఎదురుగాలి, మొహానికి గుడ్డ లేదు, పొద్దుట్నుంచి ఖాళీ కడుపు. పెద్దాసుపత్రిలో చేర్చారు. ఆడమనిషి, మగపిల్లల మధ్య ఎట్లా పడుకుంటుంది? మేం తటపటాయిస్తుంటే వెనకనుంచి బూబమ్మ వచ్చి పిల్లను చంకకెత్తుకుంది. 'నా దగ్గర పడుకుంటది, మీరు పోయి సదువుకోండి' అంది. తొమ్మిది రోజులు వాళ్ళింట్లోనే ఉంది ఆమె. భోజనం డబ్బా బియ్యంతో. పొద్దున్నే ఒకళ్ళం ఆసుపత్రికి క్యారేజీ పట్టుకుపొయ్యేవాళ్ళం.

ఆ తొమ్మిది రోజుల్లోనే ఒక ఆఫీసరు తనిఖీకొచ్చాడు. వసారాలో నిద్రపోతున్న పన్నెండు మందిని చూసి, 'ఇది హాస్టలా, ధర్మసత్రమా?' అన్నాడు. ఆయన తిట్టాననుకున్నాడు గానీ మాకది తిట్టనిపించలేదు. బయటివాళ్ళుంటే స్కాలర్షిప్పులు ఆపేస్తామని గోడకి నోటీసంటించి పొయ్యాడు. ఆపడానికి అవి వస్తున్నాయా? అయినా భయమే. ఆ రోజు నుంచి గెస్టుల్ని తెల్లవారు అజానుకి లేపి పంపించేవాళ్ళం. మసీదు మైకు మాకు అలారం.

ఆ మనిషి పదో రోజు తెల్లవారుజామున పొయ్యాడు. ఎవరి చేలో పడిపొయ్యాడో ఆ ఆసామి గుంటూరు మొహం చూళ్ళేదు. హాస్టల్లో చందాలేసి వ్యాను మాట్లాడాం. నేనూ మాచర్ల కుర్రాడూ శవంతో వెళ్ళాం. పల్లెలో దించేటప్పుడు ఆసామి మనిషొచ్చి, 'ఆ రోజు మా చేలో మందే కొట్టలా' అని చెప్పిపొయ్యాడు. ఆమె ఏడుపాపి అతని వైపు చూసి, 'మరి ఆ డబ్బా ఎవురిదయ్యా, మా ఇంట్లో ఉంది' అంది. ఆ మాటకి జవాబు లేదు. అంతకు రెండేళ్ళ ముందు, 1987లో, తెల్లదోమ పడి పత్తి పోయి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు అదే మందు తాగి చచ్చిపొయ్యారు. పేపర్లు రాశాయి. రాయాల్సిందే, అదీ చావే. కౌలుకు చేసినవాళ్ళలో మావాళ్ళూ ఉన్నారు. కానీ మందు తాగినవాడు రైతయ్యాడు, మందు కొట్టి చచ్చినవాడు ఏ లెక్కలోకీ రాలేదు. నేను చూసిన పేపర్లలో అతని గురించి ఒక్క లైను లేదు.

చాలాకాలం తర్వాత అంబేద్కర్ తన అనుభవాలు రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివాను. 1917లో అమెరికా, లండన్ చదువులు చదివొచ్చి బరోడాలో ఉద్యోగానికి వెళితే ఆయనకు ఉండను చోటు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని దిగాడు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకొచ్చి ఖాళీ చెయ్యమన్నారు. ఇద్దరు స్నేహితుల్ని అడిగాడు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ తప్పించుకున్నారు. పార్కులో కూర్చుని రాత్రి బొంబాయి రైలెక్కాడు. చదువుతుంటే నాకు మా తలుపు చప్పుడే వినిపించింది. బరోడాలో ఆయనకు లేకపోయింది పదెకరాల బంగళా కాదు, 'అన్నం తిన్నావా' అని అడిగే ఒక వసారా.

1991 ఆగస్టు 6న చుండూరు. అప్పటికి నా డిగ్రీ అయిపొయింది, పీజీ సీటు కోసం చూస్తూ హాస్టల్లోనే ఉన్నాను. అంటే నేనూ గెస్టునే, డబ్బా బియ్యమే. కబురు సాయంత్రానికి ముక్కలు ముక్కలుగా తెలిసింది. తెనాలి కుర్రాళ్ళు రాత్రికి రాత్రే బయల్దేరారు. ఎనిమిది మందిని చంపారు, చంపి గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. బతికినోళ్ళు తెనాలికి చేరి సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో ఉన్నారు. అటూ ఇటూ తిరిగేవాళ్ళతో హాస్టలు నిండిపొయింది. ఎవరు మేడమీదో ఎవరు కిందో ఆ నెల రోజులూ ఎవరూ అడగలేదు.

మా హాల్లో గెస్టులు పరుచుకునేవి గోతాలే. మిరపకాయల గోతాలు విప్పి, కుట్టి, నాలుగేసి కలిపి చేసిన పడకలు. చుండూరు కబురొచ్చిన రాత్రి ఎవరూ వాటిని పరవలేదు. మూలన దొంతర పెట్టి ఉన్నాయి. అందరూ వట్టి గచ్చు మీద పడుకున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నాలుగైదు రోజుల తర్వాత వంటాయన వాటిని బావి దగ్గర ఉతికి ఆరేశాడు. 'పడుకోకపోతే ఎట్రా, ఆళ్ళు పడుకోటానికే గదా ఈడికొచ్చేది' అన్నాడు. చుండూరు కేసుకు ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు మనవాళ్ళు. 2007 జులై 31న ఇరవై ఒక్క మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ రోజు మాచర్లవాడు ఫోన్ చేశాడు. వాడిప్పుడు హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు, అప్పుడింకా సర్వీసులో ఉన్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడకుండా, 'గోతాలు గుర్తున్నాయా' అన్నాడు.

మొన్నామధ్య మా అమ్మాయి కొచ్చిన్ వెళ్ళి పాత కోట పేటలో బ్యాక్‌ప్యాకర్స్ హాస్టల్లో దిగింది. ఫొటోలు చూపించింది. పాత డచ్చి కాలపు ఇల్లులాంటిది, ఒక్కో గదిలో ఎనిమిదేసి మంచాలు ఒకదాని మీదొకటి, గోడలనిండా బొమ్మలు, రాత్రి గిటారు, ఎక్కడెక్కడివాళ్ళో కలిసి వంటలు. 'ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు నాన్నా, ఆధార్ చూపిస్తే చాలు' అంది. ఆధార్ మీద ఇంటిపేరుంటుంది గదా అనబోయి ఊరుకున్నాను. దాని సంతోషం దాన్ని పడనివ్వాలి. డబ్బిచ్చి మరీ పదిమందిలో పడుకోవడం సరదా అవడం మంచిదే. మా గెస్టులు మూట నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్ళు, వీళ్ళు వీపున పెట్టుకుంటున్నారు. తేడా ఎక్కడంటే, మావాళ్ళు ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు కాదు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. బూబమ్మ పొయ్యాక కొడుకులు పంచుకున్నారు, కూలగొట్టి షాపులు కట్టారు. హాస్టళ్ళకు గవర్నమెంటు బిల్డింగులొచ్చాయి, మంచాలొచ్చాయి, వేలిముద్రల హాజరొచ్చింది. పిల్లలకు మంచిదే, కాదనను. కానీ వేలిముద్ర లేనివాడు గేటు దాటలేడు. అరవై మంది తినే చోట అరవై ఒకటో మనిషికి లెక్క లేదు.

పోయిన వేసంగిలో మా మేనత్తను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. రిపోర్టులు మర్నాడిస్తామన్నారు. చెట్ల కింద ఎప్పట్లాగే జనం, ప్లాస్టిక్ గోతాలు పరుచుకుని. మాచర్ల వైపు యాస, యాభై ఏళ్ళ మనిషి, నన్ను చూసి అడిగింది: 'అయ్యా, ఈడ పాత గుంటూర్లో మనోళ్ళ పిలకాయల హాస్టలుండేదంట. మా మామ చెప్పేవోడు. యాడుందో ఎరుగుదువా?'

'ఇప్పుడు లేదమ్మా' అన్నాను.

ఆమె సరేనన్నట్టు తలూపి, గోతం కొంచెం జరిపి, మా మేనత్తతో 'కూకో వొదినా, అన్నం తిన్నావా?' అంది.